ఇంట్లోనే ఇద్దరికి స్పెషల్ భోజనం: ముందురోజు నుంచి ఎలా ప్లాన్ చేసుకోవాలి

మా పెళ్ళయిన మూడో ఏడు, పెళ్ళిరోజుకి వంట నేనే చేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. బిర్యానీ, రొయ్యల వేపుడు, చికెన్ వేపుడు, ఉలవచారు, గులాబ్ జామూన్. లిస్టు ఘనంగానే ఉంది. సాయంత్రం అయిదింటికి వంటింట్లోకి వెళ్ళాను. అయిదూ పదికి "జీలకర్ర ఎక్కడుంది?" అని కేకేశాను. అయిదుంపావుకి "చిన్న మూకుడు ఏదీ?" ఆరింటికల్లా ఆవిడే కొంగు దోపుకుని లోపలికొచ్చేసింది. తొమ్మిదిన్నరకి తను కూర్చుని తింటుంటే నేను స్టవ్ ముందు చెమటలు తుడుచుకుంటూ రొయ్యలు వేయిస్తున్నాను, వేడివేడిగా వడ్డించాలి కదా అని. పదింటికి నేను కంచం ముందు కూర్చునేసరికి తను చెయ్యి కడుక్కునొచ్చి, ఆవులింత ఆపుకుంటూ, "బాగుంది" అంది.

అప్పట్నుంచీ నా లెక్క ఒక్కటే. ఇద్దరి భోజనమంటే ఇద్దరూ ఒకేసారి కూర్చోవాలి. మెనూ అయినా, కొలతలైనా, టైమైనా దాన్నిబట్టే. కింద చెప్పేదంతా విజయవాడలో మామూలు ఇంట్లో, రెండు బర్నర్ల స్టవ్ మీద, వంట ఓ మాదిరిగా వచ్చినవాళ్ళు చేసుకోగలిగేదే.

ముందు క్యాలెండర్ చూడండి

నవ్వకండి. పుట్టినరోజు శనివారం పడిందనుకోండి, వెంకటేశ్వరస్వామి వారమని ఆవిడ నీచు ముట్టదు. కార్తీకమాసమైతే నెలంతా అంతే. ఇవి తెలియక ముందురోజే మాంసం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేసి, తర్వాత నాలుక కరుచుకున్నవాళ్ళు నాకు తెలుసు. (నేనే.) ఆ రోజు కుదరకపోతే ఆదివారానికి మార్చండి, లేదా గుత్తివంకాయకి మారండి. మాంసం కూర, గుత్తివంకాయ రెండూ చెప్తాను.

తర్వాత, ఇంట్లో ఇంకెవరున్నారో చూడండి. మన ఇళ్ళల్లో "ఇద్దరికే" అన్నమాట పైకి అనడమే కష్టం. అమ్మానాన్న మీతోనే ఉంటే దాచి చెయ్యొద్దు, ఆ వాసన ఎలాగూ దాగదు. అదే కూర ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ వేసి వండండి. పెద్దవాళ్ళు ఎలాగూ ఏడున్నరకల్లా తినేస్తారు కాబట్టి వాళ్ళకి ముందు పెట్టేయండి. కొబ్బరీ మసాలా పడకపోతే చారన్నం, పెరుగన్నం ఉండనే ఉన్నాయి. పిల్లలుంటే ఆ రాత్రికి అమ్మమ్మగారింటికి పంపడం ఒక దారి. పంపడం కుదరకపోతే వాళ్ళకీ ముందే పెట్టేసి నిద్రపుచ్చాక తొమ్మిదింటికి కూర్చోండి, తప్పేం లేదు.

మెనూ: స్టవ్ మీద నుంచి నేరుగా కంచంలోకి వచ్చేవి వద్దు

బజ్జీలు, పూరీలు, అట్లు, చేప వేపుడు ఇవన్నీ అప్పటికప్పుడు తింటేనే రుచి. అంటే ఒకళ్ళు వేస్తుంటే ఇంకొకళ్ళు తినాలి. ఇద్దరే ఉన్నప్పుడు ఆ లెక్క కుదరదు. దించాక కాసేపు ఆగితే ఇంకా బాగుండే వంటలే చూసుకోండి. మాంసం కూర, గుత్తివంకాయ, చేపల పులుసు అలాంటివి. పొద్దున వండిన చేపల పులుసు రాత్రికి ఎలా ఉంటుందో మన కృష్ణా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నేను చేసే మెనూ ఇది: కొబ్బరన్నం, మాంసం కూర, పెరుగు పచ్చడి, కొన్న స్వీటు. అంతే. రెండు బర్నర్లకి రెండు గిన్నెలు. సూపులూ, స్టార్టర్లూ హోటల్‌కి వెళ్ళినప్పుడు తిందాం.

అయితే ఇది నా మెనూ. మీ ఎదురుగా కూర్చునే మనిషికి ఏమిష్టమో మీకే తెలియాలి. "ఏం చెయ్యమంటావు?" అని అడిగితే "ఏదైనా పర్లేదు" అనే వస్తుంది, ముఖ్యంగా ఆడవాళ్ళ దగ్గర్నుంచి. ఒక వారం కంచం వైపు చూడండి. మా ఆవిడ కొబ్బరి పచ్చడి గిన్నె అడుగు గరిటెతో గీకి మరీ తింటుందని నాకు పన్నెండేళ్ళ తర్వాత కనిపించింది. కొబ్బరన్నం అలా వచ్చింది.

ముందురోజు రాత్రి అరగంట

ఇంట్లో రోజూ వండేది మీరు కాకపోతే ఈ అరగంట చాలా ముఖ్యం. వంటింట్లోకెళ్ళి మీకు కావలసినవన్నీ మీ చేత్తో తీసి ఒక ట్రేలో పెట్టుకోండి: చెక్క, లవంగాలు, యాలకులు, గసగసాలు, ధనియాలు, పసుపు, కారం, ఉప్పు, జీడిపప్పు. మూడు లీటర్ల కుక్కరు, దాని గ్యాస్కెట్టు, విజిలు ఉన్నాయో లేదో చూడండి. అడుగు మందంగా ఉన్న గిన్నె ఒకటి, దానికి సరిపోయే మూత. మిక్సీ చిన్న జారు. కొబ్బరి పాలు పిండడానికి పల్చటి గుడ్డ. గ్యాస్ సిలిండర్ పెట్టి ఎన్నాళ్ళైందో కనుక్కోండి. మర్నాడు "అది ఎక్కడుంది?" అనే మాట మీ నోటి నుంచి రాకపోతే మీరు సగం గెలిచినట్టే.

కొనుక్కురావడం

పొద్దున్నే ఏడింటిలోపు రైతుబజారుకి వెళ్ళండి, పటమటదైనా మీకు దగ్గరలోదైనా. ఎండ ఎక్కాక వెళ్తే పుదీనా వాడిపోయుంటుంది. కావలసింది కొంచెమే: ఒక ముదురు కొబ్బరికాయ (చెవి దగ్గర ఊపితే నీళ్ళు గలగలమనాలి), ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, పుదీనా, కొత్తిమీర, ఒక కీరా. కుదిరితే రెండు అరిటాకులు.

మాంసం 400 గ్రాములు చాలు. కొట్టువాడు "అరకిలో చేసెయ్యమంటారా" అని ఎలాగూ అడుగుతాడు, సరే అనండి, ఏం పాడవదు. తొడ ముక్కలు, మూలుగ ఉన్న ఎముక ఒకటి వేయమనండి. ముక్కలు మరీ చిన్నగా కొట్టించొద్దు. ఆదివారం అయితే ఆరింటికే వెళ్ళండి, తొమ్మిదికి వెళ్తే వరసలో నిలబడటమే సరిపోతుంది.

స్వీటు కొనమనడానికి కారణం బద్ధకం కాదు, ఒక గిన్నె తగ్గుతుంది. ఆత్రేయపురం పూతరేకులు బెజవాడలో చాలా స్వీటు షాపుల్లో దొరుకుతాయి. 2023లో వాటికి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అన్న భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. నాలుగు చాలు. బెల్లంవి తీసుకోండి, పంచదారవి తింటే పళ్ళ మధ్య గరగరమంటుంది, నాకైతే నచ్చదు. మే నెలలో అయితే ఇవేవీ వద్దు. నూజివీడు వైపు నుంచి వచ్చే రసాలు రెండు తెచ్చి మధ్యాహ్నమే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రసం మామిడిని చేత్తో నలిపి, ముచ్చిక తీసి జుర్రుకునేటప్పుడు ఎవరూ పెద్దమనిషిలా కూర్చోలేరు, అందుకే ఆ రాత్రికి అది సరిగ్గా సరిపోతుంది.

మూర మల్లెపూలు మర్చిపోకండి. తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కింద అరలో పెడితే రాత్రికి తాజాగా ఉంటాయి. వెల్లుల్లి పక్కన మాత్రం పెట్టకండి.

ఇద్దరికి కొలతలు

చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. మన అమ్మలు, అత్తయ్యలు చెప్పే కొలతలన్నీ పదిమందికి వండినవాళ్ళవి. "కిలో మాంసానికి ఇంత" అని చెప్తారు. మనం దాన్ని రెండుతో భాగించేసి చేస్తాం, కూర మాడుతుంది. ఎందుకంటే అన్నీ ఒకేలా తగ్గవు.

ఉప్పు, కారం, పసుపు, మసాలా మాంసంతో పాటే తగ్గుతాయి. నీళ్ళు అలా కాదు. ఆవిరైపోయే నీళ్ళు గిన్నె మూతి వెడల్పుని బట్టి, మంటని బట్టి ఉంటాయి, కూర ఎంతుందన్నదాన్ని బట్టి కాదు. పెద్ద మూకుట్లో కొంచెం కూర పెడితే నీళ్ళన్నీ అయిదు నిమిషాల్లో ఎగిరిపోయి ముక్క గట్టిగానే ఉండిపోతుంది. అందుకని ముందు గిన్నె తగ్గించండి. అయిదు లీటర్ల కుక్కర్లో 400 గ్రాముల మాంసం వద్దు, రెండు మూడు లీటర్లది తియ్యండి. నీళ్ళు మాత్రం అరగ్లాసుకి తగ్గనివ్వకండి.

నూనె కూడా అంతే. కిలోకి ఆరు స్పూన్లు వేస్తారని అరకిలోకి మూడే వేస్తే ఉల్లిపాయ అడుగంటుతుంది. ఒక స్పూను ఎక్కువే వెయ్యండి, చివర్లో పైకి తేలింది గరిటెతో తీసేసుకోవచ్చు. పోపు, ఉల్లిపాయ వేగే టైము మాత్రం తగ్గుతుంది, కాబట్టి పక్కకి వెళ్ళకండి.

బియ్యం ఇద్దరికి ఒక స్టీలు గ్లాసు, దాదాపు 200 గ్రాములు. పాత సాంబమసూరి అయితే మంచిది. మనం రోజూ తినే ఆ బీపీటీ 5204 మన బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టింది, 1986లో విడుదలైంది. బీపీటీ అంటే బాపట్లే. బాస్మతి కొనక్కర్లేదు, కొబ్బరి పాలల్లో సాంబమసూరి వాసనే బాగుంటుంది.

కారం గురించి ఒక్క మాట. మా ఆవిడది శ్రీకాకుళం. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ పంపిన గుంటూరు కారంతో నేను వండిన కూర తిని, కళ్ళనీళ్ళు కారుతుంటే "ఇది కూరేనా?" అంది. మిరపకాయల్లోనూ తేడాలున్నాయి, తేజ రకం చాలా ఘాటు, బ్యాడిగిలో రంగెక్కువ, కారం తక్కువ. ఎదుటివాళ్ళు మన వైపు వాళ్ళు కాకపోతే ఈ కొలతలో సగం కారం వేసి, రంగుకి బ్యాడిగి కలుపుకోండి.

మాంసం కూర: పదకొండింటికి మొదలుపెట్టి ఒంటిగంటకి దించేయాలి

ముక్కల్ని రెండుసార్లు కడిగి, నీళ్ళు పూర్తిగా వార్చండి. అర టీస్పూను పసుపు, ఒక టీస్పూను ఉప్పు, ఒకటిన్నర టీస్పూన్ల కారం, టేబుల్‌స్పూను అల్లం వెల్లుల్లి, టేబుల్‌స్పూను పెరుగు పట్టించి అరగంట పక్కన పెట్టండి. ఈలోపు చెంచా గసగసాలు వేడినీళ్ళలో నానబెట్టండి. రెండు చెంచాల ధనియాలు, నాలుగు లవంగాలు, రెండు యాలకులు, చిన్న చెక్క ముక్క సన్నమంట మీద వేయించుకోండి. వాసన రాగానే దించేయండి, ధనియాలు రంగు మారే దాకా ఆగితే చేదొస్తుంది. ఇవన్నీ గసగసాలతో కలిపి మెత్తగా రుబ్బండి. మామూలుగా ఈ మసాలాలో ఎండుకొబ్బరి వేస్తాం, కానీ ఇవాళ అన్నంలోనే కొబ్బరి ఉంది, కూరలో వద్దు.

కుక్కర్లో నాలుగు స్పూన్ల నూనె వేసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు వెయ్యండి. మధ్యస్తం మంట మీద పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ముందు తెల్లగా మెత్తబడతాయి, తర్వాత అంచులు బంగారు రంగుకి వస్తాయి, తర్వాత మొత్తం ఎర్రబడతాయి. చాలామంది రెండో దశలోనే మాంసం వేసేస్తారు, కూర పలచగా, తియ్యతియ్యగా వస్తుంది. మూడో దశ దాకా ఆగండి. అప్పుడు మాంసం వేసి మంట పెంచి కలుపుతుంటే ముక్క నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు ఇగిరి, చిటపట శబ్దం మళ్ళీ మొదలయ్యేదాకా వేయించండి. అరగ్లాసు వేడినీళ్ళు పోసి మూతపెట్టి, ఒక విజిలు పెద్ద మంట మీద, నాలుగైదు విజిళ్ళు మధ్యస్తం మంట మీద. మాంసం ముదురైతే ఇంకో రెండు.

ఆవిరి దానంతటదే దిగాక మూత తీసి ఒక ముక్క నొక్కి చూడండి. ఎముక నుంచి విడిపోతుంటే సరి. రుబ్బిన మసాలా వేసి, మూత లేకుండా పది నిమిషాలు సన్నమంట మీద ఉడికించండి. నూనె అంచుల్లో తేలితే దించి, కొత్తిమీర చల్లి మూతపెట్టేయండి. ఇక రాత్రి దాకా ఆ మూత తియ్యకండి అందామనుకున్నాను కానీ, ఎండాకాలం బెజవాడలో 42, 43 డిగ్రీలు మామూలే. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఆ ఆరేడు గంటల్లో ఉప్పూ కారం ముక్క లోపలికి దిగుతాయి.

శాకాహారమైతే గుత్తివంకాయ. చిన్న ఊదారంగు కాయలు ఆరు, తొడిమ ఉంచి నాలుగు పాయలుగా చీల్చి ఉప్పునీళ్ళలో వెయ్యండి. వేరుశనగలు గుప్పెడు, నువ్వులు ఒకటిన్నర చెంచా, ధనియాలు, ఎండుమిర్చి నాలుగు వేయించి రుబ్బి, చిన్న ఉసిరికాయంత చింతపండు పులుసుతో కలిపి కూరి, మూతపెట్టి సన్నమంట మీద మగ్గనివ్వండి. కాయల్ని గరిటెతో కాకుండా గిన్నె పట్టుకుని ఊపి తిప్పండి. దీన్ని కూడా మధ్యాహ్నమే చేసేయొచ్చు.

కొబ్బరన్నం: ఏడింటికి

కొబ్బరి పాలు అయిదింటికే తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ముక్కలు కోసి గోరువెచ్చని నీళ్ళతో రుబ్బి గుడ్డలో పిండితే మొదట చిక్కటి పాలు. పిప్పిని మళ్ళీ నీళ్ళతో రుబ్బి పిండితే పల్చటివి. రెండూ కలిపి రెండు గ్లాసులు రావాలి. బియ్యం ఆరున్నరకి కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, నీళ్ళు వార్చండి.

మందపాటి గిన్నెలో రెండు చెంచాల నెయ్యి, చెంచా నూనె. జీడిపప్పు వేయించి తీసి పక్కన పెట్టండి. అదే నేతిలో బిర్యానీ ఆకు, చెక్క, మూడు లవంగాలు, రెండు యాలకులు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి మూడు, ఒక చిన్న ఉల్లిపాయ, గుప్పెడు పుదీనా. ఉల్లిపాయ మెత్తబడితే చాలు, ఎర్రబడకూడదు, ఈ అన్నం తెల్లగానే ఉండాలి. అర చెంచా అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయేదాకా వేయించి, కొబ్బరి పాలు పొయ్యండి. ఉప్పు వేసి నాలుక మీద వేసుకుని చూడండి. పాలు కొంచెం ఉప్పగా అనిపిస్తేనే అన్నం సరిగ్గా ఉంటుంది. పాలు అంచుల్లో బుడగలు కట్టగానే బియ్యం వేసి ఒక్కసారి కలిపి, మూతపెట్టి, మంట బాగా తగ్గించేయండి. కొబ్బరి పాలు పెద్ద మంట మీద తెర్లితే విరుగుతాయి. అందుకే దీన్ని కుక్కర్లో పెట్టొద్దు. పదిహేను నిమిషాల తర్వాత ఒకసారి చూసి, నీళ్ళు ఇంకిపోయుంటే ఆపేసి, మూత తియ్యకుండా ఉంచండి. అరగంట వేడిగానే ఉంటుంది.

ఇప్పుడు ఏడున్నర అయ్యుంటుంది. పక్క బర్నర్ మీద కూర సన్నగా వేడిచెయ్యండి, చిక్కబడితే రెండు స్పూన్ల వేడినీళ్ళు. అది మరిగేలోపు మీరు స్నానం చేసి రావచ్చు. చెయ్యండి, తప్పకుండా. ఉల్లిపాయ వాసనతో కూర్చోవద్దు.

బల్ల

మన డైనింగ్ టేబుల్ మీద ఉండేవి తెలిసినవే: మందుల డబ్బా, పచ్చడి సీసాలు, కరెంటు బిల్లు, ఎవరిదో ఛార్జరు, నిన్నటి పేపరు. అన్నీ ఒక బుట్టలో వేసి వేరే గదిలో పెట్టేయండి, సర్దక్కర్లేదు. కొవ్వొత్తులు కావాలంటే పెట్టుకోండి. నేను ఒకసారి పెట్టాను, ఫ్యాను గాలికి ఆరిపోయాయి, ఫ్యాను ఆపితే చెమట. హాల్లో లైటు ఆపి వంటింటి లైటు ఉంచితే చాలు.

అరిటాకు దొరికితే కొస ఎడమవైపు వచ్చేలా వెయ్యండి. నీళ్ళ చెంబు, రెండు గ్లాసులు, అన్నం గిన్నె, కూర గిన్నె, పెరుగు పచ్చడి, స్వీటు, రెండు గరిటెలు అన్నీ బల్ల మీదే ఉండాలి. మధ్యలో లేవాల్సిన అవసరం రాకూడదు. పెరుగు పచ్చడిలో ఉల్లిపాయ, కీరా ముందే కలిపినా, ఉప్పు మాత్రం కూర్చునే ముందే వెయ్యండి, లేకపోతే నీళ్ళు వదులుతుంది. ఫోన్లు రెండూ మందుల డబ్బా ఉన్న బుట్టలోకే.

ఏదైనా తేడా వస్తే

కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్కలు వేసి ఆశ పెట్టుకోకండి. ఉప్పు లేని చిక్కటి పెరుగు రెండు స్పూన్లు గిలకొట్టి కలపండి, కొబ్బరన్నంతో కూడా కొంత సర్దుకుంటుంది. కారం ఎక్కువైనా అదే మందు. నోరు మండేటప్పుడు నీళ్ళు తాగితే లాభం లేదు, మిరప ఘాటు నీళ్ళలో కరగదు, పాలు పెరుగులే దాన్ని లాగుతాయి. అన్నం అడుగంటితే గరిటె అడుగుకి దించకండి. పైపైన తీసి వేరే గిన్నెలోకి మార్చేస్తే మాడువాసన అంటదు. కరెంటు పోతే డాబా మీదకి చాప తీసుకెళ్ళండి. మాకు ఒకసారి అలాగే అయింది. ఆ గాలికి ఇంకో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాం.

తిన్నాక గిన్నెల్లో నీళ్ళు పోసి సింకులో పెట్టేసి రండి. కడగడం రేపు, కడిగేది మీరే. మిగిలిన కొబ్బరన్నం రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంటే పొద్దునకి పులిసిపోతుంది. కూర మిగిలిందా? రేపు పొద్దున అట్లతో తినండి. ఆ అట్లపిండి మాత్రం ఇవాళే చూసి పెట్టుకోండి, పొద్దున్నే లేచి మళ్ళీ "పిండి ఎక్కడుంది?" అని అడగకుండా.